పల్లెకు టీవీ పంపి, ఒంటిగది యూనివర్సిటీలను మూయించిన ఫిజిక్స్ ప్రొఫెసర్

బిలాస్‌పూర్ అంటే తెలుగువాళ్లకు రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లి అక్కడే స్థిరపడ్డ కుటుంబాలు ఎన్నో. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ విడిగా ఏర్పడినప్పుడు రాయ్‌పూర్‌కు రాజధాని, బిలాస్‌పూర్‌కు హైకోర్టు దక్కాయి. రెండేళ్లకే ఆ కొత్త రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీల కోసం ఒక చట్టం చేసింది. దాని కింద సుమారు ఏడాదిలో 112 యూనివర్సిటీలు పుట్టుకొచ్చాయి. చాలావాటికి భవనం లేదు, ఆవరణ లేదు. కొన్ని ఒక్క గదిలోనే నడిచాయి. బిలాస్‌పూర్ సదర్ బజార్‌లో ఓ మోస్తరు బట్టల కొట్టు పెట్టాలన్నా అంతకన్నా ఎక్కువ చోటు కావాలి.

దీని మీద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లిన మనిషి రాజకీయ నాయకుడు కాదు, లాయరూ కాదు. దూరదర్శన్‌లో జనం పంపిన ప్రశ్నలకు జవాబులు చెప్పే తెల్లజుట్టు ప్రొఫెసర్‌గా దేశమంతా గుర్తుపట్టే యశ్‌పాల్. అప్పటికి ఆయనకు 77 ఏళ్లు. ఛత్తీస్‌గఢ్‌తో ఆయనకు ముడి పడింది అప్పుడు కాదు. అంతకు 30 ఏళ్ల ముందే, ఆ రాష్ట్రం ఇంకా మధ్యప్రదేశ్‌లో భాగంగా ఉన్నప్పుడే, బిలాస్‌పూర్, రాయ్‌పూర్, దుర్గ్ జిల్లాల పల్లెల్లో టీవీ వెలిగించిన ప్రయోగానికి ఆయన సారథి.

యశ్‌పాల్ 1926 నవంబర్ 26న పంజాబ్‌లోని ఝంగ్‌లో పుట్టారు. దేశ విభజనతో ఆ ఊరు పాకిస్తాన్‌లోకి పోయింది. 1949లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి ఫిజిక్స్ పట్టా పుచ్చుకుని బొంబాయిలో హోమీ భాభా నెలకొల్పిన టాటా పరిశోధన సంస్థలో చేరారు. అక్కడ ఆయన పని కాస్మిక్ కిరణాల మీద. అంతరిక్షం నుంచి దూసుకొచ్చే ఈ కణాలను పట్టడానికి అప్పట్లో ఖరీదైన యంత్రాలు లేవు. ప్రత్యేకమైన ఫోటోగ్రాఫిక్ పొరలను పెద్ద బెలూన్లకు కట్టి వాతావరణం పైఅంచులకు పంపేవాళ్లు. కిందికి దిగాక వాటిని కడిగి, మైక్రోస్కోప్ కింద పెట్టి, కణం నడిచిన దారి ఎక్కడ మొదలైంది, ఎక్కడ చీలింది అని రోజుల తరబడి వెతికేవాళ్లు. అదే సంస్థ తర్వాతి కాలంలో బెలూన్లు ఎగరేయడానికి హైదరాబాద్‌లో శాశ్వత కేంద్రమే పెట్టుకుంది. యశ్‌పాల్ మధ్యలో అమెరికా వెళ్లి 1958లో ఎంఐటీ నుంచి డాక్టరేట్ తీసుకుని తిరిగొచ్చారు. కాస్మిక్ కిరణాలు వాతావరణం గుండా ఎలా సాగుతాయో వివరిస్తూ 1964లో బెర్నార్డ్ పీటర్స్‌తో కలిసి రాసిన పత్రం ఆ రంగంలో పేరున్నది. పరిశోధకుడిగా అలాగే కొనసాగి ఉంటే ఫిజిక్స్ విభాగాలకు బయట ఆయన పేరు వినబడేది కాదేమో.

1973లో దారి మారింది. ఇస్రో పగ్గాలు చేపట్టిన సతీశ్ ధావన్ అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు మొదటి డైరెక్టర్‌గా ఆయన్ని తీసుకెళ్లారు. ఉపగ్రహాలతో అంతవరకూ ఆయనకు పనిలేదు. చేతిలో పెట్టిన బాధ్యత మాత్రం చిన్నది కాదు. విక్రమ్ సారాభాయ్ 1969లో నాసాతో కుదిర్చిన ఒప్పందం ప్రకారం ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ఒక్క ఏడాదిపాటు భారతదేశానికి అరువొస్తుంది. దాని సాయంతో రోడ్డు కూడా సరిగా లేని పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు పంపాలి. సారాభాయ్ 1971 డిసెంబర్‌లోనే కన్నుమూశారు. కల ఆయనది, చాకిరీ యశ్‌పాల్ బృందానిది.

అదే సైట్ ప్రయోగం. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా నడిచింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు. ప్రసారాలు హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషల్లో. మధ్యప్రదేశ్ వాటాగా ఛత్తీస్‌గఢ్ ప్రాంతం పల్లెలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ వాటాలో మహబూబ్‌నగర్, కర్నూలు లాంటి జిల్లాల పల్లెలున్నాయి. ఒకే బొమ్మ మీద రెండు భాషల మాట పంపే ఏర్పాటు ఉండేది. కాబట్టి మహబూబ్‌నగర్ పల్లెలో తెలుగులో వింటున్న బొమ్మనే మరో రాష్ట్రంలో ఇంకో భాషలో వినే వీలుండేది.

పల్లెలో బిగించిన సామగ్రి చూస్తే ఆ బృందం ఆలోచన తీరు అర్థమవుతుంది. కోళ్ల దొడ్లకు కట్టే ఇనుప వలతో 3 మీటర్ల వెడల్పు గొడుగులాంటి యాంటెన్నా. దాన్ని నేల మీదే నిలబెట్టేవాళ్లు. టీవీ సెట్లు హైదరాబాద్ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. కరెంటు లేని పల్లెల్లో బ్యాటరీతో నడిపారు. సెట్టు ఎవరింట్లోనూ పెట్టలేదు. బడిలోనో పంచాయతీ ఆఫీసులోనో పెట్టి ఊరందరికీ చూపించారు. ఉదయం గంటన్నర బడి పిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. 1975 నాటికి దేశంలో టీవీ ఉన్న నగరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. బిలాస్‌పూర్ పట్టణంలో సదర్ బజార్ వ్యాపారికీ, రైల్వే క్వార్టర్లో గార్డుకూ ఇంకా కంటబడని వస్తువు జిల్లాలోని మారుమూల పల్లెకు ముందు చేరింది. మనదేశంలో కొత్త సాంకేతికత ఆ వరసలో ప్రయాణించిన సందర్భాలు చాలా తక్కువ.

పిల్లల సైన్స్ కార్యక్రమాల విషయంలో యశ్‌పాల్‌కు పట్టుదల ఎక్కువ. వాటిని ఢిల్లీ దూరదర్శన్‌కు వదిలేయకుండా బొంబాయిలో ఇస్రో సొంత స్టూడియోలో తీయించారు. బల్ల మీద గాజు గొట్టాలు పేర్చి పాఠం అప్పజెప్పే పద్ధతి ఆయనకు గిట్టదు. పల్లె పిల్లవాడికి చేతికందే వస్తువులతోనే, వాడు రోజూ చూసే సంగతుల నుంచే మొదలుపెట్టాలన్నది ఆయన షరతు. దాదాపు అదే కాలంలో మధ్యప్రదేశ్‌లోనే హోషంగాబాద్ జిల్లాలో 1972 నుంచి ఒక సైన్స్ బోధన ప్రయోగం జరుగుతోంది. 16 బడుల్లో పిల్లలే ప్రయోగాలు చేసి నేర్చుకునే పద్ధతి అది. టాటా సంస్థ శాస్త్రవేత్తలు వెళ్లి టీచర్లతో కూర్చుని పనిచేశారు. యశ్‌పాల్ దానికి గట్టి మద్దతుదారు. ఆయన తర్వాత చదువు గురించి చెప్పిన చాలా సంగతుల మూలాలు ఈ రెండు చోట్లే దొరుకుతాయి.

అయితే సైట్‌ను మరీ నెత్తికెత్తుకోనక్కర్లేదు. అది మొదలయ్యేనాటికి ఎమర్జెన్సీ విధించి ఐదు వారాలైంది. సాయంత్రం ప్రసారాల్లో 20 సూత్రాల ప్రచారం దండిగా ఉండేది. బీహార్, రాజస్థాన్, మధ్యప్రదేశ్ మూడింటినీ హిందీ అనే ఒక్క గాటన కట్టేశారు. ఛత్తీస్‌గఢీ మాట్లాడే పల్లెకు, మైథిలి మాట్లాడే పల్లెకు అదే కార్యక్రమం. గుజరాత్ ఖేడా జిల్లాలో మాత్రం అహ్మదాబాద్ కేంద్రం స్థానికంగా, జనంతో కలిసి కార్యక్రమాలు తీసి చూపించింది. ఆ పద్ధతి మిగతా దేశానికి పాకలేదు. ఏడాది పూర్తవగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత రాయ్‌పూర్‌లాంటి కొన్నిచోట్ల నేలమీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు గానీ, వాటి అందుబాటులో లేని పల్లెల్లో సెట్లు మూగబోయాయి. సొంత ఇన్సాట్ ఉపగ్రహం నిలకడగా పనిచేసే నాటికి, అంటే 1983 తర్వాత, టీవీ ఊరి బడి వదిలి ఇంటి హాల్లోకి వచ్చేసింది. దాంతోపాటు సీరియళ్లూ, సబ్బుల ప్రకటనలూ వచ్చాయి.

యశ్‌పాల్ తర్వాతి పదేళ్లూ పదవుల కాలం. అంతరిక్షం శాంతియుత వినియోగంపై 1982లో వియన్నాలో ఐక్యరాజ్యసమితి జరిపిన సదస్సుకు సెక్రటరీ జనరల్, తర్వాత ప్రణాళికా సంఘంలో ముఖ్య సలహాదారు, 1984 నుంచి 1986 దాకా కేంద్ర సైన్స్ టెక్నాలజీ శాఖ కార్యదర్శి, 1986 నుంచి 1991 దాకా యూజీసీ ఛైర్మన్. యూజీసీలో ఉండగా యూనివర్సిటీలన్నీ ఉమ్మడిగా వాడుకునే పరిశోధన కేంద్రాలకు ఆయన ఊతమిచ్చారు. జయంత్ నార్లీకర్ నాయకత్వంలో పుణెలో వచ్చిన ఖగోళశాస్త్ర కేంద్రం వాటిలో ఒకటి.

పదవులన్నీ అయిపోయాక, 65 ఏళ్లు దాటిన వయసులో, ఆయన టీవీ మనిషి అయ్యారు. టర్నింగ్ పాయింట్ 1990ల మొదట్లో దూరదర్శన్‌లో వచ్చిన సైన్స్ కార్యక్రమం. గిరీశ్ కర్నాడ్ నడిపించేవారు. అందులో ప్రేక్షకులు ఉత్తరాల్లో పంపిన ప్రశ్నలకు యశ్‌పాల్ జవాబులిచ్చేవారు. ఆ కొద్ది నిమిషాలే ఆయన్ని ఇంటింటి మనిషిని చేశాయి.

సైన్స్‌ను తెరకెక్కించిన శాస్త్రవేత్తలు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. 1973లో బ్రొనోవ్‌స్కీ, 1980లో 13 భాగాల కాస్మాస్‌తో కార్ల్ సేగన్, ఈ తరంలో బ్రయాన్ కాక్స్. వాళ్ల పద్ధతిలో ఏం చెప్పాలో ముందే నిర్ణయమై ఉంటుంది. రాసుకున్న మాట, దేశదేశాల దృశ్యాలు, మంచి సంగీతం కలిసి ప్రేక్షకుణ్ణి ఒక ప్రయాణానికి తీసుకెళ్తాయి. సేగన్ చోళుల గుడుల దాకా వచ్చి చిత్రీకరించారు. యశ్‌పాల్‌కు ఆ హంగులేమీ లేవు. కుర్చీ, చేతిలో ఎవరో రాసిన ఉత్తరం. తేడా డబ్బులో మాత్రమే లేదు. కాస్మాస్‌లో ఏం మాట్లాడాలో సేగన్ నిర్ణయిస్తారు. టర్నింగ్ పాయింట్‌లో యశ్‌పాల్ ఏం మాట్లాడాలో ఉత్తరం రాసిన పిల్లవాడు నిర్ణయిస్తాడు.

ఆయనకు నచ్చే ప్రశ్న ఎలాంటిదో ఒక ఉదాహరణతో ఊహించుకోవచ్చు. రైలు కిటికీలోంచి చూస్తే చెట్లు వెనక్కి పరిగెడతాయి, చందమామ మాత్రం మనతోపాటే వస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఏ పిల్లవాడికైనా రాగల అనుమానం ఇది. పరీక్షలో ఇది రాదు. కానీ దీని వెనక ఉన్నది చిన్న లెక్కే. చందమామ దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉంది. రైలు 100 కిలోమీటర్లు వెళ్లినా, దాన్నిబట్టి మన చూపు మారేది చందమామ కనిపించే వెడల్పులో 35వ వంతు అంత. ట్రాక్ పక్క చెట్టు విషయంలో పది అడుగులు కదిలినా చూపు పూర్తిగా తిరిగిపోతుంది. ఈ లెక్క అర్థమైన పిల్లవాడికి, నక్షత్రాల దూరాలను ఎలా కొలుస్తారన్నది సగం అర్థమైపోయినట్టే. యశ్‌పాల్ ఎంచుకునే దారి ఇదే. పుస్తకంలో చదివి అడిగిన ప్రశ్నకన్నా కళ్లతో చూసి అడిగినదానికి ఆయన దగ్గర విలువెక్కువ. జవాబు తెలియకపోతే తెలియదని తెరమీదే ఒప్పుకోవడానికి ఆయన మొహమాటపడలేదు. టర్నింగ్ పాయింట్ తర్వాత కూడా చండీగఢ్ ట్రిబ్యూన్ పత్రికలో పాఠకుల ప్రశ్నలకు ఏళ్ల తరబడి జవాబులు రాశారు.

1995 అక్టోబర్ 24 ఉదయం, దీపావళి మర్నాడు, సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. రాజస్థాన్ నుంచి బెంగాల్ దాకా దాని దారి. దూరదర్శన్ ప్రత్యక్ష ప్రసారం చేసింది. వ్యాఖ్యానం చెప్పినవాళ్లలో యశ్‌పాల్ ఒకరు. దీని విలువ తెలియాలంటే 15 ఏళ్లు వెనక్కి వెళ్లాలి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ గ్రహణం మన తెలుగు నేల మీదుగానే వెళ్లింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్ల జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీ సరిగ్గా ఆ దారిలో ఉండటంతో శాస్త్రవేత్తలకు పండగైంది. ఊళ్లలో మాత్రం వీధులు ఖాళీ. గిన్నెల మీద దర్భలు, గర్భిణులు తలుపులు మూసిన గదుల్లో. ఆరోజు దూరదర్శన్ చేసిన ఘనకార్యం, జనం బయటికి రాకుండా చుప్కే చుప్కే సినిమా వేయడం. 1995లో అదే దూరదర్శన్ జనానికి ఆకాశాన్ని చూపించింది. కంటికి జాగ్రత్తలు చెబుతూనే, ఇంత అందమైన దృశ్యాన్ని వదులుకోవద్దని యశ్‌పాల్ జనాన్ని ఊరించారు. భయపడేవాళ్లను వెక్కిరించకపోవడం ఆయన బలం. మన హేతువాద ప్రచారంలో తరచూ లోపించేది అదే.

ఈలోగా కేంద్ర ప్రభుత్వం ఆయనకు మరో పని అప్పగించింది. రచయిత ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో పిల్లల బడి సంచుల బరువు గురించి మాట్లాడి కలకలం రేపారు. ఆ చర్చ కొనసాగింపుగా 1992లో యశ్‌పాల్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 1993లో ఇచ్చిన నివేదిక పేరు భారం లేని చదువు. చిన్న పుస్తకమే. కానీ సంచి బరువు తూయమంటే ఈ కమిటీ వేరే బరువు తూచింది. పిల్లవాడి వీపు మీది పుస్తకాలకన్నా, అర్థం కాకుండానే మోస్తున్న పాఠం ఎక్కువ బరువని తేల్చింది. నర్సరీ అడ్మిషన్లకు పరీక్షలు, ఇంటర్వ్యూలు ఎత్తేయమంది. పాఠ్యపుస్తకాల తయారీలో బడి టీచర్లకు చోటు ఇమ్మంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం రూపొందించిన సారథ్య సంఘానికీ ఆయనే అధ్యక్షుడు. దాని ప్రభావంతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో రాష్ట్ర విద్యా ప్రణాళిక వచ్చి, బడి పుస్తకాలు కొత్తగా రాశారు. ఆ పుస్తకాల్లో ఆలోచించండి, చర్చించండి, చేసి చూడండి అనే చోట్లు చాలా ఉన్నాయి. వాటిని దాటేసి గైడు తెరిచే తరగతులూ చాలానే ఉన్నాయి. పదో తరగతి అవగానే పిల్లలను తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే ఇంటర్ కాలేజీల దగ్గర ఈ నివేదిక పూర్తిగా ఆగిపోయింది. ఆయన కమిటీలకు మెప్పు వచ్చినంత సులువుగా అమలు రాలేదు.

ఈ నేపథ్యంలోంచి చూస్తే ఛత్తీస్‌గఢ్ కేసు విడ్డూరంగా అనిపించదు. 2002 చట్టంలో అసలు కిటుకు చాలా సాదా. ఎవరైనా ఒక ప్రాజెక్టు రిపోర్టు సమర్పిస్తే చాలు. ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన ఇస్తే యూనివర్సిటీ పుట్టినట్టే. టీచర్లు, లైబ్రరీ, ల్యాబ్ ఉన్నాయా అని ముందుగా చూసే పని లేదు. పైగా ఆ యూనివర్సిటీలు దేశంలో ఎక్కడైనా కేంద్రాలు తెరవొచ్చు. అంటే రాయ్‌పూర్‌లో అద్దెగది చిరునామా పెట్టుకుని హైదరాబాద్‌లోనో ఢిల్లీలోనో డిగ్రీలు ఇవ్వొచ్చు. ఇది ఒక్క రాష్ట్రం గొడవ కాకుండా పోయింది అందుకే. యూజీసీ నిబంధనలు ఉన్నాయి గానీ, అవి ఈ జోరును ఆపలేకపోయాయి. ఒకప్పుడు ఆ సంస్థకే ఛైర్మన్‌గా ఉన్న మనిషి పౌరుడిగా రిట్ వేయాల్సి రావడం వ్యవస్థకు ఏమాత్రం గౌరవం కాదు.

ప్రొఫెసర్ యశ్‌పాల్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కేసులో 2005 ఫిబ్రవరి 11న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లహోటీ సహా ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ చట్టంలోని 5, 6 సెక్షన్లను కొట్టేసింది. ఉన్నత విద్య ప్రమాణాలను సమన్వయం చేసే అధికారం రాజ్యాంగం పార్లమెంటుకు ఇచ్చిందనీ, పేరుకు మాత్రమే యూనివర్సిటీలను పుట్టించి ఆ అధికారాన్ని నిరర్థకం చేయడం రాష్ట్రానికి కుదరదనీ చెప్పింది. రాష్ట్రం తన సరిహద్దుల అవతలికి యూనివర్సిటీని విస్తరింపజేయలేదనీ తేల్చింది. ఆ చట్టం కింద ఏర్పడ్డవన్నీ ఒక్కసారిగా రద్దయ్యాయి. అప్పటికే చేరిన విద్యార్థుల సంగతేమిటన్నది కోర్టు మర్చిపోలేదు; రాష్ట్రంలోని వాళ్ల సంస్థలను అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలకు అనుబంధం చేసే చర్యలు తీసుకోమంది. అయినా నష్టం అసలు పడింది ఫీజు కట్టిన కుటుంబాల మీదే, చట్టం చేసినవాళ్ల మీద కాదు.

అదే ఏడాది రాష్ట్రం కొత్త చట్టం చేసింది. దాని కింద 2006లో బిలాస్‌పూర్ జిల్లా కోటాలో సి.వి. రామన్ పేరుతో ఒక ప్రైవేటు యూనివర్సిటీ వచ్చింది. యశ్‌పాల్ ప్రైవేటు చదువును మొత్తంగా ఆపాలనుకోలేదు, ఆపలేదు కూడా. ఇదే కాలంలో మరో శాస్త్రవేత్త కోర్టుకెళ్లి ఓడిపోయిన సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. యూనివర్సిటీల్లో జ్యోతిష్యం కోర్సులను యూజీసీ ప్రోత్సహించడాన్ని సవాలు చేస్తూ హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పి.ఎం. భార్గవ వేసిన కేసును 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏం బోధించాలన్నది తాము నిర్ణయించలేమన్న కోర్టు, బోధించే చోటే లేని కేసులో మాత్రం కలగజేసుకుంది.

2009లో యశ్‌పాల్ కమిటీ ఉన్నత విద్య మీద మరో నివేదిక ఇచ్చింది. యూజీసీ, ఏఐసీటీఈ లాంటి సంస్థలన్నిటి బదులు ఒకే జాతీయ కమిషన్ ఉండాలంది. సభ్యుడైన ఆర్థికవేత్త కౌశిక్ బసు విభేదించారు. అధికారమంతా ఒకేచోట పోగవుతుందన్న విమర్శ బయట కూడా వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. చివరికి బిల్లు చట్టం కాలేదు. సైన్స్‌ను జనంలోకి తీసుకెళ్లినందుకు యునెస్కో కళింగ బహుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే. 2013లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

2017 జూలై 24న నోయిడాలో, 90 ఏళ్ల వయసులో యశ్‌పాల్ కన్నుమూశారు. ఎనిమిది రోజుల తర్వాత, ఆగస్టు 1న, హైదరాబాద్‌లో భార్గవ పోయారు.